పులిహోరతో తెలుగు వ్రాత

1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. ఆనాటి నుండి నేటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పూర్వుల వంటలు ఇంటింటా నిలిచాయి. వాటిని చెప్పే మాటలు మాత్రం చాలా ఇళ్లలో జారిపోయాయి. అందుచేత వ్రాత నేర్పడానికి అంతర్జాలంలోని వంట విధానం మంచి పాఠం. వంట తెలిసినదే కనుక విద్యార్థి దృష్టి భాషపైనే నిలుస్తుంది.

పులిహోర విధానం ఒకటి తీసుకోండి. మొదట క్రియలను గుర్తింపజేయండి: చింతపండు నానబెట్టి, రసం పిండి, పోపు వేసి, అన్నంలో కలపండి. ఒకే కర్త వరుసగా చేసే పనులను ఇకారంతో ముగిసే క్త్వార్థకాలు కలుపుతాయి. చివరి క్రియ ఒక్కటే వాక్యాన్ని ముగిస్తుంది. తెలుగు వాక్యపు నడక ఇదే.

తరువాత ‘ఆయిల్’, ‘స్పూన్’ ఉన్నచోట నూనె, చెంచా అని వ్రాయించండి. ఆపై మూలాన్ని మూసి, ‘కలపండి’ని ‘కలిపాను’గా మార్చి, తాము చేసిన వంటగా తిరిగి వ్రాయమనండి. అప్పుడు చూచివ్రాతకు తావుండదు.

చివరి మెట్టు ఇంట్లో ఉంది. అవ్వ కొలతలు చెంచాలలో ఉండవు: చిటికెడు ఇంగువ, గుప్పెడు వేరుసెనగలు, చారెడు సెనగపప్పు. ఈ మాటల చివరనున్న ‘ఎడు’ చేతినే కొలపాత్రగా మార్చింది. అవ్వకు తెలుగు రాకపోయినా, ఆమె చేతిని చూచి పిల్లలే ఆ కొలతను తెలుగులో వ్రాయవచ్చు. అంతర్జాలంలోని విధానం రేపూ దొరుకుతుంది. ఆ చేతి కొలత వ్రాసి ఉంచకపోతే ఆమెతోనే పోతుంది.