ఆటగాండ్ర పాత ఛాయాచిత్రములు: వాని శుద్ధి, రక్షణము

పండుగ వచ్చుచున్నదన్న ఇల్లాండ్రకు మొదట తోచునది ఇల్లు కడుగుట. గడపకు పసుపు, గోడకు సున్నము, ఇత్తడికి చింతపండు. దేనికి తగిన శుద్ధి దానికి కలదు. కాని కడిగినకొలది శుభ్రపడు వస్తువులతోపాటు, కడిగినచో నశించు వస్తువులును మన యిండ్లలో నున్నవి. అట్టివానిలో పాత ఛాయాచిత్ర మొకటి. అందును వార్తాపత్రికలకై తీసిన ఆటగాండ్ర చిత్రముల విషయమున నేను చేసిన పొరపాటును, దానివలన నేర్చిన పాఠమును సోదరీమణులకు విన్నవింపదలచితిని.

మా కాపురము కామారెడ్డి. మావారు బడిపంతులు. గడచిన శ్రావణమున మేము ఎల్లారెడ్డిలోని మా పెద్దత్తగారి యింటికి పోయితిమి. కీర్తిశేషులైన పెద్దమామగారు వయసున నున్నపుడు హైదరాబాదులో నొక పత్రిక ముద్రణాలయమున పని చేసిరి. అచ్చుపని తీరిన పిమ్మట పారవేయు చిత్రములను అడిగి తెచ్చుకొనెడివారట. వానలకు అటక కురియుచుండగా, దానిపై నున్న రేకుపెట్టెను దింపితిమి. అందు పాతపంచెలో చుట్టిన 23 చిత్రము లుండెను. అన్నియు ఫుట్‌బాలు ఆటవే.

వీని విలువ తెలియుటకు ఆ కాలపు సంగతి కొంత చెప్పవలెను. 1950 మొదలు 1954 వరకు హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును వరుసగా అయిదుమారులు గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిలో పాఠములు చెప్పినవారు. వారి శిక్షణలోనే భారతదేశపు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము నందెను. సికింద్రాబాదు బిడ్డడగు తులసీదాస్ బలరాంగారు ఆ మెల్‌బోర్న్ జట్టులోనివారే. రహీంగారు 1963లోను, బలరాంగారు 2023లోను దివంగతులైరి. ప్రసిద్ధుల చిత్రములు ఎక్కడనైన దొరకును. నాలుగు ఆట లాడి మరుగుపడిన వారి ముఖములు మాత్రము ఇట్టి పెట్టెలలోనే మిగిలియుండును.

అట్టి చిత్ర మొకదాని యందు ఒక యువకుడు వట్టికాళ్ళతో గాలిలోని కెగిరి తలతో బంతిని కొట్టుచుండెను. అతని చుట్టును తెల్లని మరక వంటిది కనబడెను. బూజని తలచి తడిగుడ్డతో తుడిచితిని. ఆ తెలుపు కరగి అతని భుజము మీదుగా కారెను. త్రిప్పి చూతును గదా, వెనుక నంటించిన కాగితపు చీటియు తడిసి, దానిపై సిరావ్రాత నీలిమడు గయ్యెను. ఆటగాని పేరుండిన దందే. నేను చదువకమునుపే పోయినది.

పెద్దత్తగారు చిత్రమును కంటికి దగ్గరగా పట్టుకొని చాలసేపు చూచిరి. "మీ పెద్దమామ ఉంటే చెప్తుండె. మొఖం మిగిలింది గని పేరు పోయింది బిడ్డా" అనిరి. ఒక్క పరుషవాక్యమైన లేదు. అందుచేతనే ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

ఆ తెలుపు బూజు కాదని పిమ్మట తెలిసికొంటిని. పత్రికలో అచ్చైన బొమ్మ స్పష్టముగా నుండదు గావున, ఆటగాడు విడిగా కనబడుటకై అతని చుట్టును నీటిరంగు పూసెడివారు. ఎంతభాగము అచ్చు వేయవలెనో తెలుపుటకు మైనపు పెన్సిలుతో గీతలు గీసెడివారు. వెనుక తేదీముద్ర, పేర్ల చీటి యుండెడివి. మనకు మరకలుగా తోచునవి ఆ చిత్రముయొక్క జాతకము. వానిని తుడుచుట జాతకమును చింపుటయే.

చిత్రము యొక్క నిర్మాణమును గూడ తెలిసికొనవలెను. నలుపుతెలుపు చిత్రములోని నలుపు రంగు కాదు, అతిసూక్ష్మమైన వెండి. ఆ వెండి జిలాటిను అను పలుచని పొరలో నిలిచియుండును. జంతువుల చర్మమునుండి, ఎముకలనుండి తీయు జిగురే జిలాటిను. నీరు తగిలిన నది ఉబ్బి మెత్తబడును. చెమ్మలో బూజున కాహార మగును. పటపు అద్దమున కంటుకొనును. నల్లని భాగములను ఏటవాలుగా చూచినపుడు నీలి వెండిమెరుపు కనబడినచో అది మురికి కాదు. లోని వెండియే చెమ్మవలనను, గాలిలోని దోషములవలనను మార్పుచెంది పైకి వచ్చినది. దానిని రుద్దిన బొమ్మయే అరిగిపోవును.

ఇక శుద్ధిచేయు విధము. చేతులు కడుగుకొని బాగుగా ఆరనీయవలెను. నూనె, పసుపు ఉండరాదు. శుభ్రమైన తెల్లకాగితము పరచి, చిత్రమును అంచులతో పట్టుకొనవలెను. అన్నిటికంటె ముందు, ముందువెనుకల రెండు ప్రక్కలను ఫోనుతో చిత్రము తీసి, వెనుకనున్న వ్రాతను పుస్తకమున నెక్కించుకొనవలెను. నేను మొదట ఈ పని చేసియున్నచో ఆ పేరు నిలిచెడిది. పిమ్మట మెత్తని క్రొత్త కుంచెతో, అదుమక, నడుమనుండి అంచులకు ధూళిని దులుపవలెను. నోటితో ఊదరాదు, తుంపరలు పడును. రబ్బరుబుడ్డితో గాలి కొట్టుట మేలు. బూజు తడిగా నున్నచో ముట్టక, నీడను గాలి యాడుచోట ఆరనీయవలెను. ఆరిన పిమ్మట ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని ఆరుబయట దులుపవలెను. ఎండ పనికిరాదు. చుట్టుకొనిన చిత్రమును బలవంతముగా చదును చేసిన పొర పగులును. అద్దమున కంటుకొనినదానిని లాగరాదు. అద్దము మీదనుండియే నకలు తీసికొని, నిపుణులకు చూపవలెను. చిరుగునకు జిగురుటేపు అంటింపరాదు. కొన్నేండ్లకు దాని జిగురు పసుపుపచ్చనై కాగితములోని కింకును.

దాచుటయందును జాగ్రత్త కావలెను. వార్తాపత్రికలలో చుట్టరాదు, ఆ కాగితములోని ఆమ్లము చిత్రమును పాడుచేయును. ఆమ్లములేని కాగితపు కవరులు దొరకును. చిత్రమున కొకటి చొప్పున వాడవలెను. జిగురుపుటల ఆల్బములు, అటక, వంటింటిగోడ తగవు. చెమ్మలేని లోపలిగది బీరువా తగినది. పటమునకు బొట్టు పెట్టదలచినచో అద్దము మీదనే పెట్టవలెను.

మరకలు లేని బొమ్మను చూడవలెనను కోరిక సహజమే. దానికి మూలమును ముట్ట నక్కరలేదు. స్కానరుపై అంగుళమునకు 600 చుక్కల చొప్పున నకలు తీయించి, దాని నట్లే భద్రపరచి, మరియొక నకలు మీద మరమ్మతు చేయింపవచ్చును. ఇపుడు కృత్రిమమేధ చెరిగిన ముఖమును క్షణములో నింపుచున్నది. కాని అది నింపిన కన్ను ఆ మనుష్యుని కన్ను కాదు, ఊహించినది. అట్టి నకలుపై 'మరమ్మతు చేసినది' అని తప్పక వ్రాయవలెను. లేనిచో మన మనుమలు ఎవరి ముఖమునో చూచి వీరే వారనుకొందురు.

మావారు ఆ నకళ్ళను ఎల్లారెడ్డిలోను, కామారెడ్డిలోను ఆటలెరిగిన వృద్ధులకు చూపిరి. వెనుక వ్రాతలేని రెండు చిత్రములలోని వారి పేర్లు తెలిసినవి. వట్టికాళ్ళ యువకుని పేరు తెలియలేదు. ఆ చిత్రపు కవరుమీద నేను పెన్సిలుతో 'పేరు తెలియదు. చీటి నాచేత చెడినది' అని వ్రాసి తేదీ వేసితిని. సిగ్గయినను నిజము వ్రాయుట మంచిది. వెనుకవచ్చువారు వెదకుటకు వీలగును.

మా కామారెడ్డి 2016లో వేరు జిల్లా యగువరకు నిజామాబాదు జిల్లాలోనిది. ఆ నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచవిజేత యైనది. ఆమె పేరు లోకము మరువదు. కాని మన బడిలో పరుగెత్తి గెలిచిన పిల్లల చిత్రములు మన ఫోనులలో పేరులేకయే యున్నవి. ఈ దసరాకు ఇల్లు కడుగుటకు ముందొక పూట కూర్చుండి, పెద్దల నడిగి, ఇంటనున్న చిత్రములకు పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి పెట్టుడు. ధూళిని రేపైనను దులుపవచ్చును. పేరు చెప్పువారు రేపటికి ఉందురో లేదో.