ఒక గిటారు, రెండు స్వరములు

భిన్నస్వరములు రెండు ఏకకాలమున పలికి చెవికి ఇంపు గూర్చుటను హార్మొనీ యందురు. రాక్ సంగీతమున గిటారువాద్యకులు ఒక చిన్న స్వరవరుసను మాటిమాటికి వాయించుచు పాటనంతయు దానిపై నిలుపుదురు. ఆ వరుసకు రిఫ్ అని పేరు. ఇరువురు వాద్యకులు దానినే వేర్వేరు స్వరములపై జంటగా వాయించినచో దాని శోభ ఇనుమడించును. 1976వ సంవత్సరమున వెలువడిన 'హోటల్ కాలిఫోర్నియా' అను పాట చివరిభాగమున డాన్ ఫెల్డర్, జో వాల్ష్ అను నిరువురు ఇట్లే జంటగా వాయించిరి. తోడు లేని వాద్యకుడు ఈ ఫలమును ఒంటరిగా పొందుట యెట్లు? స్వరమును జరుపు పెడల్ ఇందులకు సాధనము. దాని రీతిని ఇచట వివరింతుము.

1948లో లెస్ పాల్ అను అమెరికా వాద్యకుడు 'లవర్' అను పాటలో తాను వాయించిన పెక్కు గిటారు భాగములను ఒకదానిపై నొకటి రికార్డు చేసి వినిపించెను. కాని సభలో అట్లు చేయుటకు వీలులేదు. 1975లో ఈవెంటైడ్ సంస్థవారి హెచ్ 910 అను యంత్రము వచ్చి, వాయించుచుండగనే స్వరమును మార్చుటకు దారి చూపెను. 1989లో డిజిటెక్ సంస్థవారి వామీ పెడల్ ఆ శక్తిని వాద్యకుని పాదము క్రిందికి తెచ్చెను.

గ్రామఫోను రికార్డును వడిగా త్రిప్పినచో గాయకుని గొంతు సన్నగిలును. ఈ పెడల్ మూలసూత్రమును అదియే. తీగ కంపనమువలన పుట్టిన విద్యుత్తరంగమును సెకనుకు వేలకొలది మార్లు కొలిచి, యంత్రము అంకెలుగా తనలో దాచుకొనును. దాచిన వేగముకంటె అధికవేగమున చదివిన స్వరము హెచ్చును; మెల్లగా చదివిన తగ్గును. వేగముగా చదువునపుడు దాచినది త్వరలో అయిపోవును గనుక, యంత్రము చిన్నచిన్న తునకలను మరల చదివి అతుకు తెలియకుండ కూర్చును. హార్మోనియము మెట్టు ఒక్కటి పైకి పోవుటకు కంపనములను సుమారు 1.0595 చే హెచ్చింపవలయును. పండ్రెండు మెట్లకు అవి రెట్టింపగును. సెకనుకు 110 మార్లు కంపించు తీగను ఏడు మెట్లు పైకి జరిపిన సుమారు 165 కంపనములగును.

ఇక చిక్కు ఇచట గలదు. శంకరాభరణ స్వరములను హార్మోనియముపై పరీక్షింపుడు. షడ్జమునుండి గాంధారమునకు నాలుగు మెట్లు. రిషభమునుండి మధ్యమమునకు మూడే. పెడల్‌ను నాలుగు మెట్లకు బిగించి రిషభము వాయించినచో, శుద్ధమధ్యమమునకు బదులు ప్రతిమధ్యమము పలికి వినువారి చెవికి ములుకువలె తగులును. అందుచేత కొన్ని పెడళ్లకు పాట యొక్క ఆధారస్వరమును, స్వరక్రమమును ముందుగా తెలుపుదురు. అవి వాయించిన స్వరమును గుర్తించి, తగినట్లు మూడో నాలుగో మెట్లు జరుపును.

అట్టి పెడల్ లేనివారు నిరాశ చెందనక్కరలేదు. ఏడు మెట్ల జంటలో, షడ్జమునకు పంచమము, రిషభమునకు ధైవతము, ఇట్లు ఆరు స్వరములకు సరియైన తోడు దొరకును; నిషాదమొక్కటే తప్పును. మోహనరాగ స్వరములలో నిషాదము లేదు గదా! కావున స, రి, గ, ప, ద లతో కూర్చిన రిఫ్‌కు ఏడు మెట్ల జంట ఎచ్చటను చెడదు. ప్రారంభకులకు ఇదియే మేలైన మార్గము.

స్వరమును గుర్తించి జత కూర్చు పెడల్‌పై సాధన చేయువారు ఒకమారు ఒకే తీగను మీటవలయును. తక్కిన తీగలను చేతితో అణచవలయును. రెండు మూడు స్వరములు కలిసిన యంత్రము తికమకపడును. అతిమంద్రమైన తీగ సెకనుకు సుమారు 82 మార్లు మాత్రమే కంపించును. ఒక్కొక్క కంపనమునకు సెకనులో వేయింట పండ్రెండు వంతులు పట్టుటచే, అచ్చట స్వరమును గుర్తించుటకు యంత్రమునకు జాగగును. కావున త్వరిత రిఫ్‌లను సన్నని తీగలపై వాయించుట యుక్తము. ధ్వనిని గరగరలాడించు డిస్టార్షన్ పెడల్‌కు తరువాత దీనిని ఉంచినచో రెండు స్వరములును వేర్వేరు గిటార్లవలె విడిగా వినబడును. ముందుంచినచో ఆ రెండును కలిసి గరగరలాడును. ఏడు మెట్ల జంట ఓర్చుకొనును గాని, మూడు నాలుగు మెట్ల జంట కలుషితమగును.

అయినను యంత్రము తోడివాద్యకుడు కాజాలదు. తీగను లాగి షడ్జమునుండి రిషభమునకు పోవునపుడు మూలస్వరము రెండు మెట్లు ఎక్కును. దాని జంట గాంధారమునుండి మధ్యమమునకు ఒక్క మెట్టే ఎక్కవలయును. ఇరువురు మనుష్యులు ఒకరినొకరు వినుచు దీనిని నునుపుగా సాధింతురు. యంత్రము నడుమ దుముకును. దానికి లెక్క తెలియును గాని, వినికిడి తెలియదు.

కావున విద్యార్థులారా, పెడల్ కొనుటకు ముందు రిఫ్‌ను మెల్లగా వాయించుచు, దాని జంటస్వరమును నోట పాడి చూడుడు. తప్పు పలికినపుడు మీ చెవి మిమ్ము హెచ్చరించునంతవరకు అభ్యసింపుడు. అట్టి చెవి గలవానికి పెడల్ సేవకుడు. లేనివానికి అది తప్పును రెట్టించి చాటు దండోరా మాత్రమే.