హాస్టలు ప్రయాణానికి ముందు ఒక నెల

ప్రవేశ పరీక్ష ర్యాంకు వచ్చి సీటు ఖాయమైన నాటి నుండి మధ్యతరగతి గృహాలలో హడావుడి మొదలవుతుంది. పరుపు, బకెట్టు, తాళంకప్ప, ధ్రువపత్రాల నకళ్లు అన్నీ సిద్ధమవుతాయి. పదిహేడు పద్దెనిమిది సంవత్సరాలు ఒకే చేతి వంటకు అలవాటుపడిన శరీరాన్ని కూడ సిద్ధం చేయవలెనన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. ఇంటర్మీడియట్ హాస్టలులో చదివినవారికి ఇదేమీ కొత్త కాదని కొందరు తల్లిదండ్రులు నాతో అంటారు. అక్కడ గంట కొడితే లేచారు, గంట కొడితే తిన్నారు. విశ్వవిద్యాలయంలో గంట కొట్టేవారు ఉండరు.

ఏటా వర్షాకాలం చివరిలో నా వైద్యశాలకు కొత్త విద్యార్థులు వస్తూ ఉంటారు. మలబద్ధకం, పుల్లని త్రేన్పులు, తలనొప్పి, నిద్రలేమి వారి ప్రధాన బాధలు. వర్షఋతువులో జఠరాగ్ని మందగిస్తుందని ఆయుర్వేదం చెబుతున్నది. కొత్త నీరు, కొత్త వంట, కొత్త నిద్రవేళలు సరిగ్గా ఆ రోజులలోనే వచ్చి పడతాయి.

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఈ సందర్భానికి చక్కగా సరిపడే విధానం ఒకటి ఉన్నది. దానిని పాదాంశిక క్రమం అంటారు. పాత అలవాటును ఒక్కసారిగా మానక, నాలుగవ వంతు తగ్గించి, ఆ స్థానంలో కొత్తదానిని నాలుగవ వంతు చేర్చడం దీని సారాంశం. ఒక మెట్టు ఒంటబట్టిన తరువాతనే రెండవ మెట్టు. శాస్త్రంలో ఈ మెట్ల మధ్య ఒకటి, రెండు, మూడు రోజుల వ్యవధి చెప్పబడింది. నేటి పిల్లలకు నేను మెట్టుకు ఒక వారం ఇస్తాను. నాలుగు వారాలకు నాలుగు వంతులు పూర్తి అవుతాయి.

ఉదాహరణకు, సెలవులలో ఎనిమిది గంటలకు లేచే పిల్లవాడు ఆరింటికి లేవవలసి ఉన్నదనుకుందాం. తేడా రెండు గంటలు. వారానికి అరగంట చొప్పున ముందుకు జరిపితే నెలనాటికి శ్రమ లేకుండా ఆరింటికి మెలకువ వస్తుంది. పడుకొనే వేళను కూడ అదే లెక్కన జరపవలెను. లేకున్న నిద్ర తగ్గుతుందే తప్ప అలవాటు మారదు.

ఆహారమూ అంతే. మొదటి వారం రెండు రాత్రులు, రెండవ వారం నాలుగు, మూడవ వారం ఐదు, చివరి వారం అన్ని రాత్రులు మెస్సు పద్ధతిలో భోజనం పెట్టండి. వండినది ఒక్కటే కూర, ఎవరి కంచం వారే కడుక్కొనాలి, ఇష్టం లేదని వేరే వేపుడు చేయకూడదు. ఢిల్లీకో వారణాసికో వెళ్లేవారైతే అన్నంలో ఒక వంతు తగ్గించి ఆ మేరకు గోధుమరొట్టె, పప్పు చేర్చుతూ రావాలి. ఈ నెల పిల్లలకంటె తల్లులకే కష్టమని నా అనుభవం. వెళ్లిపోయే బిడ్డకు అడిగినవన్నీ చేసిపెట్టవలెనని వారి మనసు కోరుతుంది. ఆవకాయ సీసా పంపవద్దనే ధైర్యం నాకూ లేదు. మూత గట్టిగా బిగించి, ధ్రువపత్రాలకు దూరంగా సర్దమని మాత్రం చెబుతాను.

చరకుని అదే అధ్యాయంలో ఆపరాని పదమూడు వేగాలు చెప్పబడ్డాయి. వాటిలో మలమూత్రాలు ముఖ్యమైనవి. హాస్టలు గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడని విషయం ఇదే. ఉదయం మరుగుదొడ్ల ముందు బారులు, విరిగిన గడియలు చూసి పిల్లలు ఆపుకొంటారు. ఆడపిల్లలు మరీ, శుభ్రత లేదని నీరు త్రాగడమే తగ్గిస్తారు. తరువాత మూత్రంలో మంటతో వస్తారు. నోరు విప్పడానికి బిడియపడి జ్వరం వచ్చేదాకా దాచినవారిని కూడ చూశాను. తల్లి ప్రయాణానికి ముందే ఈ సంగతి దాపరికం లేకుండా మాట్లాడాలి. రద్దీకి అరగంట ముందు లేచి ఒక గ్లాసు గోరువెచ్చని నీరు త్రాగి వెళ్లడం ఇంటివద్దనే అలవాటు కావాలి. మూత్రంలో మంటతో పాటు జ్వరం, నడుము నొప్పి ఉంటే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

పెట్టెలో మందులు కొద్దిగానే చాలు. కడుపు ఉబ్బరానికి అర చెంచా వాము చిటికెడు ఉప్పుతో నమిలి వేడినీరు త్రాగవచ్చును. మలబద్ధకానికి అర చెంచా త్రిఫల చూర్ణం రాత్రివేళ వేడినీటితో రెండు మూడు రోజులు తీసుకొని ఆపవలెను. నిత్యం మందులు వాడేవారు ముందుగా వైద్యుని అడగాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. అవి లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలపాలి. ఒక థర్మామీటరు తప్పనిసరి. వానాకాలపు జ్వరం డెంగ్యూ కావచ్చును గనుక ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మింగక, రెండవ రోజుకే రక్తపరీక్షకు వెళ్లాలి.

జ్ఞాపకశక్తికి లేహ్యం ఇమ్మని అడిగేవారు చాలామంది. ఐదు గంటలే నిద్రించేవారికి నేను ఏ లేహ్యమూ ఇవ్వను. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఉపస్తంభాలని చరకుడు అన్నాడు. ఒక స్తంభం కూలగొట్టి పైకప్పుకు రంగు వేసి ఏమి లాభం?

ఇక ఇంటిమీద బెంగ. తొలి వారాలలో ఇది సహజం. రోజుకు ఒక వేళ నిర్ణయించుకొని ఫోను చేయండి. గంటగంటకు చేస్తే బెంగ పెరుగుతుంది. అయితే రెండు వారాలు దాటినా అన్నం సహించకపోవడం, నిద్ర లేకపోవడం, తరగతులకు పోకుండా గదిలోనే ఉండటం జరిగితే స్వయంగా వెళ్లి చూడండి. చనిపోవాలని ఉన్నదన్న మాట ఒక్కసారి వినిపించినా ఆ రోజే బయలుదేరాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడ మాట్లాడవచ్చును. ర్యాగింగ్‌ను యూజీసీ 2009 నిబంధనలు నిషేధించాయి. ఫిర్యాదుకు 1800-180-5522 ఉన్నది. ఈ రెండు అంకెలు, రక్తవర్గం, పడని మందుల పేర్లు, ఇంటి ఫోను ఒక అట్టముక్కపై వ్రాసి పెట్టె మూత లోపల అంటించండి. గదిలో తోడుండే విద్యార్థికి కూడ దానిని చూపించి ఉంచాలి.