పిల్లల పాటలే పెట్టుబడి

ఫ్రెంచి గాయని ఆన్ సిల్వెస్త్ర్ (1934–2020) పేరెత్తితే అందరూ ఆమె ధైర్యం గురించే మాట్లాడతారు. నిజమే, 1957లో పారిస్ కాబరేలలో గిటారు పట్టి, తాను రాసి బాణీ కట్టిన పాటలే పాడటం అప్పట్లో ఒక ఆడపిల్లకు చిన్న సంగతి కాదు. 1962లో వచ్చిన ఆమె రికార్డు అట్టపై పేరుమోసిన గాయకుడు జార్జ్ బ్రాసెన్స్ అంతటివాడు మెచ్చుకోలు రాశాడు. అయినా రికార్డు కంపెనీలతో పొసగక, 1973లో సొంత లేబుల్ పెట్టుకున్నారు. అయితే ఉత్త ధైర్యంతో లేబుల్ నడవదు. స్టూడియోకీ వాద్యగాళ్లకీ ముందే డబ్బు కట్టాలి. ఆ డబ్బు చాలావరకు 'ఫాబ్యులెట్' అనే పిల్లల పాటల నుంచి వచ్చింది. ఇళ్లలో, బడుల్లో తరతరాలు విన్న పాటలవి.

ఈ రాబడి వెనక ఒక పాత ఏర్పాటు కూడా ఉంది. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో తమ పాటలు ఊరికే పాడిస్తున్నారని కొందరు రచయితలు, తాము తాగిన పంచదార నీళ్లకు బిల్లు కట్టం పొమ్మన్నారు. కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. 1851లో సాసెమ్ అనే సంఘం పుట్టింది. పాట బహిరంగంగా వినిపిస్తే రుసుము వసూలు చేసి, రాసినవారికీ బాణీ కట్టినవారికీ పంచుతుంది. ఆన్ లాగా రెండూ చేసేవారికి రెండు వాటాలూ దక్కుతాయి.

పిల్లల పాటలమ్మి బతకడం స్వాతంత్ర్యమెలా అవుతుందని అడగొచ్చు. ఆ రాబడితో ఏం చేశారో చూడాలి. ఫ్రాన్స్‌లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1975 జనవరిలో వచ్చింది. అంతకుముందే ఆమె కడుపున పడ్డ, పేరులేని బిడ్డపై పాట కట్టారు. 1975 నాటి 'ఉన్ సోర్సియేర్ కొమ్ లెజోత్ర్' సుమారు ఏడు నిమిషాలు సాగే స్త్రీ గాథ. రేడియోకి సరిపడే నిడివి కాదది. కత్తిరించమని చెప్పే యజమాని లేడు కాబట్టే పాట అలాగే నిలిచింది, క్విబెక్‌లో గాయని పోలిన్ జూలియెన్ కూడా దాన్ని పాడింది.

రేడియోకి దూరమై పేరు పోగొట్టుకున్నారనే మాట ఇంకొంచెం బరువైనది, కాదనలేం. పైగా చాలామందికి ఆమె పిల్లల పాటల ఆవిడగానే మిగిలారు. అన్నం పెట్టిన పాటలే మిగతా పాటలకు అడ్డం నిలిచాయి. అందుకేనేమో, తన కచేరీలలో ఫాబ్యులెట్లు పాడటానికి ఆమె ఒప్పుకునేవారు కాదు.