ఆటలో అరటిపండు - హాలెండ్‌లోనూ ఉంది!

పిల్లలు ఆడుకుంటుంటే ఓ బుజ్జిగాడు "నేనూ వస్తా" అని పేచీ పెట్టడం ఏ వీధిలోనైనా మామూలే. వద్దంటే ఏడుపు, చేర్చుకుంటే ఆట చెడుతుంది. అందుకే మన పిల్లలు వాణ్ణి 'ఆటలో అరటిపండు' చేసేస్తారు. వాడు పరిగెత్తొచ్చు, అరవొచ్చు. దొరికినా దొంగ కానక్కర్లేదు.

హాలెండ్ పిల్లలకీ సరిగ్గా ఇలాంటి మాటే ఉంది. అలాంటి చిన్నవాడు 'వోర్ స్పెక్ ఎన్ బోనన్' ఆడుతున్నాడంటారు. అంటే పందిమాంసానికీ, చిక్కుడు గింజలకీ ఆడుతున్నాడని! పూర్వం కూలి డబ్బులు లేకుండా తిండికే పనిచేసేవాళ్లని బట్టి ఈ మాట పుట్టిందని చెబుతారు.

వాళ్ల ఆటల్లో మాటలు ఇంకా సరదాగా ఉంటాయి. ముట్టుకునే ఆట 'టిక్కర్చె'. దాగుడుమూతలు 'వర్‌స్టోపర్చె'. చివరనున్న 'చె' మన 'చిట్టి'లాంటి ముద్దు తోక. దొరికినవాణ్ణి మనం "నువ్వే దొంగ" అంటాం. వాళ్లు "నువ్వే అతను" అని ఊరుకుంటారు! దాగుడుమూతల్లో దొంగ అంకెలు లెక్కపెట్టే చెట్టో, గోడో 'బ్యూట్'. దొంగకన్నా ముందొచ్చి దాన్ని తాకి "బ్యూట్ వ్రై" అని అరిస్తే బతికిపోయినట్టే.

మన పచ్చీసు నుంచి పుట్టిన, లూడోలాంటి ఆట ఒకటి జర్మనీ మీదుగా వాళ్లకి చేరింది. దాని పేరు 'మెన్స్ ఎర్ఖర్ యె నీట్'. 'ఓ మనిషీ, చిరాకుపడకు' అని అర్థం. పండబోయే కాయని ఎదుటివాళ్లు చంపేస్తే ఎవరికి మండదు చెప్పండి? అందుకే పేరులోనే బుద్ధి చెప్పేశారు.

అయితే అరటిపండు వరం కొన్నాళ్లే. పిల్లకి ఆట తెలిశాక "నన్నూ నిజంగా ఆడించండి" అంటుంది. అప్పుడు ఓడినా సరే, లెక్కలోకి తీసుకోవాలి. ఓటమి తట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

డచ్చివాళ్లు ఈ మాటని పెద్దవాళ్లకీ వాడతారు. సమావేశానికి పిలిచి తన మాట వినకపోతే "నేనిక్కడ స్పెక్ ఎన్ బోనన్‌కి కూర్చోలేదు" అంటారు. మరి మన సంగతి? స్థలం కొనేటప్పుడు, అమ్మాయికి సంబంధం ఖాయం చేసేటప్పుడు మనల్నీ పక్కన కూర్చోబెడతారు. కాఫీలు అందించాక మన అభిప్రాయం అడిగేవారెందరు? ఈసారి అలా జరిగితే నవ్వుతూనే అనండి: "ఏమండీ, నేనేమన్నా ఆటలో అరటిపండునా?"