పెద్ద ఫ్రేము, దాని బరువు

జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణంలో లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ ఉబ్బసంతో బాధపడేవాడు. కొండదారుల వెంట నడుస్తూ ఫోటోలు తీయడమంటే ఆయనకు ప్రాణం. కాని ఆనాటి కెమెరా అంటే గాజు పలకలు, వాటి పెట్టె, ముక్కాలి స్టాండు. వాటిని మోసుకుంటూ కొండ ఎక్కడం ఆయన ఊపిరికి మించిన పని. చివరకు ఆయన సినిమా ఫిల్మును ఒక చిన్న లోహపు పెట్టెలో అమర్చి, రెండు సినిమా ఫ్రేములంత స్థలంలో ఒక ఫోటో పడేటట్లు చేశాడు. దాని వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. ఇది 1913-14 నాటి సంగతి. 1925లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో ఆ కెమెరా ‘లైకా’ అన్న పేరుతో లోకానికి పరిచయమయింది.

ఈనాడు ఔత్సాహిక ఛాయాగ్రాహకులు లక్ష రూపాయలు, ఒక్కొక్కసారి అంతకు మించి వెచ్చించి కొనే ‘ఫుల్‌ఫ్రేమ్’ కెమెరాలోని సెన్సరు కొలత సరిగ్గా అదే. బరువు తగ్గించుకోవడానికి ఒక రోగి కల్పించుకున్న వామనమూర్తి, నూరేళ్ళలో త్రివిక్రముడై కూర్చున్నాడు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ వాడిన పెద్ద పెద్ద గాజు పలకల పక్కన ఈ ‘పూర్తి’ ఫ్రేము తపాలా బిళ్ళలా కనిపిస్తుంది. అంత దూరం పోనక్కరలేదు. ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ, తిరుపతి యాత్రలకూ బయటికి వచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలోని నెగెటివు విస్తీర్ణం దీనికి మూడింతలకు పైమాటే. అయినా ఆ డబ్బా కెమెరాతో తీసిన బొమ్మలు అంచుల్లో మసకబారేవి. దాని లోపం ఫిల్ములో లేదు, ముందున్న చవక కటకంలో ఉన్నది. కొత్త కెమెరా కోసం బీరువాలోని పొదుపు సొమ్ము తీసేవారు ఈ ఒక్క సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

మరి ‘పూర్తి’ అన్న మాట ఎందుకు వచ్చింది? డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తలో 24×36 కొలత గల సెన్సరు తయారుచేయడం బహు ఖరీదైన వ్యవహారం. అందుచేత చాలా కంపెనీలు అందులో సగానికి తక్కువ విస్తీర్ణం గల సెన్సరుతో సరిపెట్టుకున్నాయి. 2002లో కానన్ సంస్థ కోటీ పది లక్షల బిందువుల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను వృత్తినిపుణుల కోసం విడుదల చేసింది. 2005లో వచ్చిన ‘5డి’తో ఆ కొలత ఔత్సాహికుల అందుబాటులోకి దిగింది. 2013లో సోనీ ‘ఏ7’ లోపలి అద్దాన్ని తీసివేసి పెట్టెను చిన్నది చేసింది. 2018లో నికాన్, కానన్ కూడా అదే దారి పట్టాయి.

ఫిల్ము కాలంలో కెమెరా బాడీ అంటే వెలుతురు చొరని పెట్టె మాత్రమే. ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్ము చుట్టను మామూలు కెమెరాలో వేసినా, ఖరీదైన కెమెరాలో వేసినా ఫిల్ము ఫిల్మే. నచ్చకపోతే మరుసటి చుట్ట మార్చుకోవచ్చు. ఇప్పుడు ఆ ఫిల్ము బాడీలోనే బిగించి వస్తున్నది. బాడీ కొనడమంటే ఏడెనిమిదేళ్ళకు సరిపడా ఒకే రకం ఫిల్మును ఒక్కసారిగా కొనివేయడమే. ఎంపిక కష్టమనిపించడానికి అసలు కారణం ఇది. అయితే ఈ కొత్త ఫిల్ములో ఏ రకమూ చెడ్డది కాదు. ఏది ఎవరికి తగినదన్నదే ప్రశ్న.

ఇద్దరు ఔత్సాహికులను ఊహించుకోవచ్చు. ఒకరు నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి నేలపట్టులో గూడబాతులనూ, చలికాలమైతే పులికాటు సరస్సు మీద వాలే ఫ్లెమింగోలనూ ఫోటో తీయడం ఆయన వ్యసనం. రెండవ వారు మచిలీపట్నంలో ఉపాధ్యాయిని. కూచిపూడి ప్రదర్శన ఎక్కడ జరిగినా ముందు వరుసలో నేల మీద కూర్చుని ఆమె ఫోటోలు తీస్తారు. ఇద్దరి వద్దా చిన్న సెన్సరు కెమెరాలే ఉన్నవి. ఇద్దరికీ ఫుల్‌ఫ్రేమ్ మీద మనసు పడింది. ఇద్దరి బడ్జెట్టూ ఒకటే.

బ్యాంకు ఉద్యోగి సంగతి చూడండి. పక్షి దూరంగా ఉంటుంది. దగ్గరికి పోవడానికి లేదు, పోకూడదు కూడా. ఆయన 300 మిల్లీమీటర్ల లెన్సు చిన్న సెన్సరు మీద 450 మిల్లీమీటర్ల లెన్సు చూపినంత దృశ్యాన్నే చూపుతుంది. అదే లెన్సును రెండు కోట్ల నలభై లక్షల బిందువుల ఫుల్‌ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే చుట్టూ నీరూ ఆకాశమూ ఎక్కువగా పడి, గూడబాతు ఫ్రేము నడుమ చిన్నదైపోతుంది. అనవసరమైన భాగం కత్తిరించి మునుపటి పరిమాణానికి తెస్తే మిగిలేది కోటీ ఆరేడు లక్షల బిందువులు. అంటే లక్ష పోసి కొన్నదానిలో సగానికి పైగా చెత్తబుట్టలోకి పోతుంది. ఈ నష్టం పూడ్చుకోవాలంటే ఇంకా పొడవైన లెన్సు కావాలి. దాని వెల బాడీ వెలను మించవచ్చు. ఆయన పాత బాడీనే ఉంచుకుని, సొమ్మంతా మంచి లెన్సు మీద పెట్టడమే వివేకం.

ఉపాధ్యాయిని పరిస్థితి వేరు. తరంగంలో పళ్ళెం అంచు మీద నిలిచిన నర్తకి పాదం కదలిపోకుండా పడాలంటే షట్టరు సెకనులో 250వ వంతు వేగంతోనైనా కొట్టాలి. గుడి ముంగిట వెలిగే దీపాల వెలుతురులో అందుకు సెన్సరు స్పందనను, అంటే ఐ.ఎస్.ఓ. అంకెను, 6400 దాకా పెంచక తప్పదు. అప్పుడే బొమ్మ మీద ఇసుక చల్లినట్లు గరుకు కనిపిస్తుంది. పెద్ద సెన్సరు విస్తీర్ణం చిన్నదానికి రెండింతలకు పైగా ఉంటుంది గనుక అంతమేర ఎక్కువ వెలుతురును పోగుచేస్తుంది. పెద్దదానిలో 6400 వద్ద కనిపించే గరుకు, చిన్నదానిలో ఇంచుమించు 2700 వద్ద కనిపించే దానికి సమానం. ముఖం మీది రంగూ, కంటి కాటుకా నిలబడటానికి ఆ తేడా చాలు.

అయితే ఇక్కడే పెద్ద బోల్తా ఉన్నది. బాడీకే సొమ్మంతా ఖర్చయిపోతే, దానితోపాటు వచ్చే చవక జూమ్ లెన్సుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. అటువంటి లెన్సులు దృశ్యాన్ని దగ్గరికి లాగినకొద్దీ ఎఫ్/6.3 వరకు కుంచించుకుపోతాయి. ఎఫ్/2.8 లెన్సుతో పోలిస్తే అందులోంచి వచ్చే వెలుతురు అయిదవ వంతు మాత్రమే. పెద్ద సెన్సరు సంపాదించిపెట్టిన లాభమంతా ఈ ఇరుకు కిటికీ దగ్గరే హరించుకుపోయి, పైపెచ్చు అప్పు మిగులుతుంది. ఎఫ్/1.8 లెన్సు తగిలించిన ఆమె పాత చిన్న కెమెరా, ఎఫ్/2.8 లెన్సు గల కొత్త ఫుల్‌ఫ్రేమ్‌తో వెలుతురు విషయంలో ఇంచుమించు సమానంగా నిలుస్తుంది. అందువల్ల ముందు లెన్సు వెల లెక్కగట్టి, మిగిలిన సొమ్ముకు ఏ బాడీ వస్తుందో చూడాలి. దుకాణాల్లో ఈ లెక్క ఎప్పుడూ తలకిందులుగానే నడుస్తుంది.

లెన్సు మాట వచ్చింది గనుక బీరువాలో ఉన్న పాత లెన్సుల సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. కానన్ పాత ఈఎఫ్ లెన్సులు ఒక అడాప్టరుతో కొత్త బాడీల మీద స్వయంగా ఫోకస్ చేసుకుంటాయి. నికాన్ విషయంలో జాగ్రత్త అవసరం. మనవారిలో ఎందరో చవకగా వస్తుందని కొనుక్కున్న 50 మిల్లీమీటర్ల ‘డి’ రకం లెన్సుకు సొంత మోటారు లేదు. నికాన్ వారి అడాప్టరులో కూడా లేదు. కాబట్టి కొత్త బాడీ మీద దాన్ని చేత్తో తిప్పుకోవలసిందే. ఇక కొత్త లెన్సుల విషయానికి వస్తే, సోనీ తన మౌంటు వివరాలను 2011లోనే ఇతర సంస్థలకు ఇచ్చింది. అందుచేత టామ్రాన్, సిగ్మా వంటి సంస్థల లెన్సులు దానికి విరివిగా, తక్కువ ధరలకు దొరుకుతాయి. కానన్ కొత్త ఫుల్‌ఫ్రేమ్ మౌంటుకు ఆ వెసులుబాటు తక్కువ. బాడీ అయిదారేళ్ళకు మారవచ్చు. మౌంటు మారితే ఇల్లు మారినంత పని.

బరువు సంగతి బర్నాక్‌కు తెలిసినంతగా నేటి కొనుగోలుదారులకు తెలియదు. 2023లో వచ్చిన కానన్ ‘ఆర్8’ బాడీ బ్యాటరీతో సహా 461 గ్రాములే. చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది. కాని అదే సంస్థ వారి 24-70 ఎఫ్/2.8 లెన్సు ఒక్కటే 900 గ్రాములు. రెండు గంటల ప్రదర్శన ముగిసేసరికి మెడకు తెలిసేది ఈ రెండవ అంకె. పైగా ఆ బాడీలో చేతి వణుకును సరిదిద్దే యంత్రాంగం లేదు. అది కోనేటి మెట్ల మీద సంధ్యవేళ గోపురాన్ని తీసేవారికి ఎంతో అవసరం. నర్తకిని తీసేవారికి అంతగా ఉపకరించదు. వణుకు కెమెరాది కాదు, కదలిక నర్తకిది.

బిందువుల సంఖ్య గురించి ఆరాటపడనక్కరలేదు. రెండు కోట్ల నలభై లక్షల బిందువులతో ఇరవై అంగుళాల వెడల్పు ప్రింటు దివ్యంగా వస్తుంది. అంతకంటె పెద్ద ప్రింటు గోడకు ఎన్నిసార్లు తగిలించారో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు.

అద్దం ఉన్న పాత తరహా ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలను కానన్, నికాన్ సంస్థలు 2020 తర్వాత కొత్తగా విడుదల చేయలేదు. అందువల్లనే సెకండ్‌హ్యాండ్ మార్కెట్టులో అవి సగం ధరకు, ఇంకా తక్కువకు దొరుకుతున్నవి. తీరిగ్గా ఫోటోలు తీసేవారికి అవి నేటికీ మంచి బేరమే. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో తెలుసుకోవాలి. ఎఫ్/16 వద్ద శుభ్రమైన ఆకాశాన్ని ఒక ఫోటో తీసి మచ్చలున్నవేమో చూడాలి. కోస్తా ఊళ్ళలో వాడిన లెన్సయితే టార్చిలైటు వెలుతురులో లోపలికి తొంగిచూడాలి. ఉప్పుగాలి, వానాకాలపు తేమ కలిసి గాజు మీద సాలెగూడులాంటి బూజు పట్టిస్తాయి. కొత్త లెన్సుకైనా ఇంట్లో గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు తప్పవు. వీటి ఖర్చు కొద్దిపాటిదే, అయినా చాలామంది బడ్జెట్టులో ఉండదు.

పెద్ద పట్టణాల్లో కెమెరాలు అద్దెకిచ్చే దుకాణాలున్నవి. ఉపాధ్యాయిని ఏదైనా ఒక శనివారం విజయవాడ వెళ్ళి, తాను కొనదలచిన బాడీని, అదే లెన్సుతో సహా, రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఆ రాత్రి ప్రదర్శన పూర్తిగా తీసి, మర్నాడు ఉదయం తన పాత కెమెరా ఫోటోలను పక్కన పెట్టుకుని, ఏవి ఏ కెమెరావో పేర్లు కనబడకుండా చేసి, ఇంట్లోవారిని చూడమనవచ్చు. వారు తడుముకోకుండా వేరుచేయగలిగితే కొత్త కెమెరాకు డబ్బు కట్టవచ్చు. తికమకపడితే, ఎఫ్/1.8 లెన్సు ఒక్కటి కొనుక్కుని, వచ్చే వారపు ప్రదర్శన ఏ ఊళ్ళోనో కనుక్కోవచ్చు.