పెద్ద ఫొటో, చిన్న తెర

6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫొటోను మామూలు కంప్యూటర్‌లో విడిగా తెరిస్తే బ్రౌజర్ దాన్ని కిటికీలో పట్టేలా దాదాపు నాలుగో వంతుకు కుదిస్తుంది. అది బీదర్‌లోని మహమూద్ గవాన్ మదర్సా ఫొటో అయితే కట్టడం మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. 1472 నాటి ఆ గోడల మీద మిగిలిన రంగు పలకల నగిషీ మాత్రం మసక మచ్చగా మారుతుంది. ఫొటోలోని పదహారు పిక్సెళ్ల చోట తెర మీద ఒక్కటే మిగిలితే, ముందు పోయేవి సన్నని గీతలే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కూడా పెద్ద బొమ్మలను ఇలాగే కుదించేది. ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో మౌస్ గుర్తు భూతద్దంగా మారుతుంది. ఎక్కడ నొక్కితే అక్కడి భాగం అసలు పరిమాణంలో విచ్చుకుంటుంది, మళ్లీ నొక్కితే ముడుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ గడిలో అబౌట్:కాన్ఫిగ్ తెరిచి, ఆటోమేటిక్ ఇమేజ్ రీసైజింగ్‌ను ఫాల్స్‌గా మారిస్తే కుదింపే ఉండదు. క్రోమ్ సెట్టింగ్‌లలో ఆ వీలు లేదు.

వ్యాసం మధ్యలో ఉన్న ఫొటో సంగతి వేరు. దాని వెడల్పును నిర్ణయించేది పేజీ తయారుచేసినవాళ్లు; తరచుగా సర్వర్ పంపేదే చిన్న నకలు. అలాంటప్పుడు కంట్రోల్, ప్లస్ ఎన్నిసార్లు నొక్కినా బొమ్మ అలుక్కుపోవడమే తప్ప కొత్త వివరం రాదు. బీదర్ కోటలోని రంగీన్ మహల్ నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్పల పనిని చూడాలంటే అసలు ఫైలే కావాలి. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫొటో కిందా దాని లంకె ఉంటుంది.

డిస్‌ప్లే స్కేల్ 150 శాతం ఉన్న ల్యాప్‌టాప్‌లో భూతద్దం నొక్కాక కూడా ఫొటో కాస్త మెత్తగానే ఉంటుంది. బొమ్మలోని ఒక్కో పిక్సెల్‌ను బ్రౌజర్ నిలువునా అడ్డంగా ఒకటిన్నర పిక్సెళ్లకు సాగదీస్తుంది మరి. జూమ్‌ను 67 శాతానికి తగ్గిస్తే లెక్క సరిపోతుంది. ఇది తెలియకపోతే కెమెరాను తిట్టుకోవాల్సి వస్తుంది.

కుదించి చూపినంత మాత్రాన డేటా మిగలదు, ఫైలు మొత్తం దిగాల్సిందే. దిగాక ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, మొదట చెప్పిన ఆ ఫొటో పూర్తి పరిమాణంలో 96 మెగాబైట్ల మెమరీ పట్టేస్తుంది; పాత ఫోన్లు ఇలాంటివాటి దగ్గరే మొరాయిస్తాయి. అందుకే పాత పటాల భారీ స్కాన్‌లను గ్రంథాలయాలు చిన్న చదరాలుగా కోసి పెడతాయి. పాఠకుడు చూస్తున్న చోటికి అవసరమైన ముక్కలనే బ్రౌజర్ తెప్పించుకుంటుంది.